నలభై ఒకటో పేరు

నేను బడిలో సైకాలజిస్టునని ఊళ్ళో చెబితే "పిచ్చి డాక్టరా?" అంటారు. ఇంట్లో చెబితే "నౌకరీ పక్కానా, కాదా?" అంటారు. మొదటిదానికి కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. రెండోదానికి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. లేకపోవడానికి కారణం కూడా నేనే.

నా పేరు సబా. మాది తాండూరు. మా అబ్బా బండల పాలిషింగ్ యూనిట్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఆ రాతి దుమ్ముతో దగ్గు తెచ్చుకుని, నన్ను సైకాలజీలో ఎమ్మెస్సీ చదివించాడు. చదువయ్యాక ఏడాది ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. అప్పుడు వికారాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ, పల్లె బడుల్లో పిల్లల మనసు కనిపెట్టి ఉండే మనుషులను తయారు చేస్తామని ఏడాది శిక్షణ మొదలుపెట్టింది. జిల్లా మొత్తానికి ఎనిమిది మందిమి. సోమవారం నుంచి గురువారం దాకా బడిలో పని, శుక్ర శనివారాలు వికారాబాద్‌లో పాఠం. ఏడాది చివర బడి హెడ్‌మాస్టరు మా పని సంతృప్తికరంగా ఉందని సంతకం పెడితే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటే నౌకరీ. సంతకం లేకపోతే ఏడాది కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు.

మాకు పాఠం చెప్పేది శ్యామల మేడమ్. పెద్ద ఆస్పత్రిలో పాతికేళ్ళు పనిచేసిన మనిషి. "పిల్లలతో మాట్లాడేటప్పుడు బల్లకు అవతల కూర్చోకండి, పక్కన కూర్చోండి. బల్ల అడ్డముంటే వాళ్ళకు పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది" అనేవారు. "పిల్ల ఏడిస్తే నీళ్ళివ్వండి, నీతులు చెప్పకండి" అనేవారు. ఇవన్నీ నేను నోట్సులో అందంగా రాసుకున్నాను. రాసుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

నాకు వచ్చింది తాండూరు నుంచి కర్ణాటక దిక్కు పోయే దారిలో ఒక సర్కారు హైస్కూలు. ఊరి పేరు చెప్పను. అక్కడ నాకిచ్చిన గదిలో మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ట్రేలు పేర్చి ఉండేవి. పిల్లలు మొదట్లో నన్ను గుడ్ల మేడం అనుకున్నారు. అదే నయం.

సెప్టెంబరులో మాకొక ఫారం ఇచ్చారు. ముప్పై ప్రశ్నలు, అవును, కాదు. జవాబులను బట్టి పిల్లకు ఒక రంగు వేయాలి: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు అంటే వెంటనే డాక్టరుకు చూపించాలని. దసరా సెలవుల లోపల రెండువందల పన్నెండు మంది పిల్లలకు ఇది పూర్తి కావాలి. ఏదైనా జవాబు అనుమానంగా ఉంటే ఆగి, విడిగా కూర్చోబెట్టి, విషయమేమిటో మెల్లగా అడగాలని శ్యామల మేడమ్ చెప్పారు. ఆగడానికి నాకు తీరిక ఎక్కడిది? చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు.

అంబిక పదో తరగతి. కురుమ వాళ్ళ పిల్ల. సన్నగా, పొడుగ్గా, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళార్పకుండా చూసే రకం. తల్లి చనిపోయి రెండేళ్ళయింది. తండ్రి బీరన్న గొర్ల మందతో నెలల తరబడి కర్ణాటకలో సేడం దిక్కు తిరుగుతాడు. ఇంట్లో నాయనమ్మ కాశమ్మ, ఈ పిల్ల, మందతో పోలేని గొర్లు ఒక పది. పద్దెనిమిదో ప్రశ్న దాకా అంబికవన్నీ మామూలు జవాబులే.

"చనిపోయినవాళ్ళు నీతో మాట్లాడతారా?" అని చదివాను.

"మాట్లాడ్తరు మేడం. మా అమ్మ మాట్లాడ్తది."

"రోజూనా?"

"రోజు కాదు. గొర్ల కాడికి పోయినప్పుడు."

నేను పెన్ను తిప్పి ఎరుపు వేశాను. అంతా కలిపి పదకొండు నిమిషాలు పట్టింది. ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఎరుపు వేసేటప్పుడు నాకు లోపల సంతోషం కలిగింది. రెండు వారాలుగా ఇంటిపని చేయని పిల్లలను, గోళ్ళు కొరికే పిల్లలను చూస్తున్నదాన్ని, ఇన్నాళ్ళకు ఒక నిజమైన కేసు దొరికిందని ఉప్పొంగిపోయాను. చదువుకున్న వెధవతనం అంటే అదే.

ఫారాల మీద హెడ్‌మాస్టరు సంతకం కూడా కావాలి కాబట్టి కట్ట కట్టి ఆఫీసులో ఇచ్చాను. ఆ కట్ట రెండు రోజులు స్టాఫ్‌రూము బల్ల మీద తెరిచే ఉంది. ఎవరు చూశారో, ఎవరు బయటికి చెప్పారో తెలియదు. డాక్టరు సంగతి వికారాబాద్ వాళ్ళు చూసుకుంటారని నేను, నేను చూసుకుంటానని వాళ్ళు ఊరుకున్నాం. దసరా సెలవులు అయి బడి తెరిచేసరికి అంబికకు బడి మొత్తం ఒక కొత్త పేరు పెట్టింది. రెడ్డు. 'రెడ్డొస్తుంది, జరగండ్రి' అని బెంచీల మీద చోటు ఖాళీ చేసేవారట. నా గదికి పది అడుగుల దూరంలో జరిగిన ఈ సంగతి నాకు తెలియలేదు. ఆ గదిలో కూర్చుని నేను నెల నివేదిక రాసుకుంటున్నాను.

ఇక హెడ్‌మాస్టరు వెంకటేశం సారు. ఆయన చెడ్డవాడై ఉంటే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. కాదు. తాండూరు నుంచి బండి మీద అందరికంటే ముందు వచ్చేవాడు. ఆడపిల్లల బాత్రూముకు తలుపు పెట్టించింది ఆయనే. కిందటేడు పదో తరగతిలో బడికి నూటికి నూరు శాతం వచ్చింది. వికారాబాద్‌కు పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువాను ఆఫీసు గదిలో కుర్చీ వెనక వేసి ఉంచేవాడు. కప్పినవాళ్ళు మళ్ళీ ఏడాది కూడా కప్పుతామని చెప్పిపోయారు. ఆ మాటే ఆయన్ను పట్టుకుంది.

నవంబరులో ఒకరోజు నన్ను పిలిచాడు. పదో తరగతి పెద్ద పరీక్షకు పిల్లల పేర్లు పంపే గడువు దగ్గరపడింది. అప్పుడే అయిన పరీక్షలో అంబికకు లెక్కల్లో ఎనభైకి ఎనిమిది వచ్చాయి.

"సబా మేడం, మిగిలిన నలభై మందిని ఎట్లనో గట్ల ఒడ్డుకేస్తం. గీ ఒక్క పిల్లతోని మన హండ్రెడ్ పర్సెంట్ పోతది" అన్నాడు. "ఓపెన్ స్కూల్‌ల రాసుకోమని చెప్తం. పిల్లకు గూడ పరేషాన్ ఉండది. వాళ్ళ నాయనను పిలిపిస్తున్న. మీరు రెడ్ అని రాసిండ్రు గద, గదే మాట లెటర్ మీద రాసియ్యుండ్రి."

లెటర్ అప్పటికే టైపు చేసి ఉంది. 'పై విద్యార్థిని మానసిక స్థితి దృష్ట్యా ప్రస్తుతం రెగ్యులర్ పరీక్షకు తగదని నా అభిప్రాయం.' కింద నా పేరు. పేరు పైన సంతకానికి ఖాళీ.

ఓపెన్ స్కూలు తప్పని నేను అనను. అందులో రాసి బాగుపడ్డవాళ్ళు మా గల్లీలోనే ఉన్నారు. కానీ వాళ్ళంతట వాళ్ళు ఎంచుకుని పోవడం వేరు, మెడ పట్టి పంపడం వేరు. అంబిక బడి మానితే పుస్తకాలు అటక మీదికి, పిల్ల మంద వెనకకు. అది సారుకూ తెలుసు, నాకూ తెలుసు.

తెలిసీ నేనేమన్నాను? "రెండు రోజులు టైమియ్యండి సార్" అన్నాను. పెట్టనని అనలేదు. నా సర్టిఫికెట్టు, మా అబ్బా దగ్గు, నౌకరీ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

ఆ రోజు అంబిక బడికి రాలేదు. అంతకుముందు మూడు రోజులుగా కూడా రావడం లేదని హాజరు పుస్తకం చెప్పింది. బడి విడిచాక వాళ్ళ ఇంటికి నడిచాను.

కాశమ్మ వాకిట్లో కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతోంది. నన్ను చూసి కదురు ఆపలేదు.

"మా పిల్ల తలకాయ ఖరాబైందని కాయితం మీద రాసిన మేడంవి నువ్వేనా?"

"నేనే అవ్వా."

"ఏమడిగితివి, ఏం రాసుకుంటివి? జర నాకు గూడ చెప్పు."

చెప్పాను. తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె నవ్వింది. తిట్టినా బాగుండేది.

"సచ్చిపోయినోళ్ళతోని మాట్లాడకుంటె ఇంకెవలతోని మాట్లాడ్తం బిడ్డా? బతికున్నోళ్ళు ఇంటున్నరా? పెత్రమాస నాడు నా కోడలికి బువ్వ పెట్టి గడియసేపు మాట్లాడిన. నీ బిడ్డ పొడుగైందే అని చెప్పిన. రెండు గొర్లు రోగమొచ్చి పోయినయని చెప్పిన. నాక్గూడ రెడ్డు రాస్తవా? రాస్కో. మీ ఇండ్లల్ల మాట్లాడరా మరి?"

మా నానీ, అంటే మా అమ్మమ్మ ఉమ్రావ్ బేగం, ప్రతి గురువారం సాయంత్రం ఊదుబత్తి వెలిగించి, ఫాతెహా ప్రార్థన చదివి, చనిపోయిన తన భర్త, మా నానా ఫోటో ముందు కూర్చుంటుంది. కూర్చుని వారం రోజుల సంగతులు చెబుతుంది. కరెంటు పోయిన సంగతి, పక్కింటి కాశిఫ్ బండి మీద నుంచి పడ్డ సంగతి, నాకు సంబంధం కుదరని సంగతి. మధ్యలో ఆగి, ఆయన ఏదో అన్నట్టుగా "హౌ, హౌ" అని తలాడిస్తుంది. పుట్టినప్పటినుంచీ ఇది చూస్తున్నాను. ఏ రోజూ మా నానీకి డాక్టరు కావాలని అనుకోలేదు. ఆ ఫారం చేతిలోకి రాగానే మా ఇల్లు మరిచిపోయాను.

అంబిక దొడ్లోంచి వచ్చి గోడ పక్కన కూర్చుంది. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను, సెప్టెంబరులో కూర్చోవలసిన తీరులో.

"మీ అమ్మ ఏం మాట్లాడ్తది అంబికా?"

"ఏం మాట్లాడ్తది? పొద్దుగూకింది ఇంటికి పో అంటది. తలకు నూనె పెట్టుకో అంటది. నేను లెక్కలు రాలేదని చెప్తే, ఏం కాదు తియ్యి అంటది."

"చెవులకు వినొస్తదా?"

ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది.

"చెవులకెట్ల వినొస్తది మేడం? సచ్చిపోయింది కద."

నాకు ఏడుపొచ్చింది. నీళ్ళిచ్చేవాళ్ళు లేక గుటక మింగి ఊరుకున్నాను. పదకొండు నిమిషాల్లో ఈ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. పోయిన తల్లిని తలుచుకుంటూ తన పనులు తాను చేసుకుపోతున్న పిల్ల అది. అంత నిబ్బరం నాకు లేదు. దాన్ని రోగమని రాసి, ఊరంతా చదవడానికి బల్ల మీద పెట్టాను.

లెక్కల సంగతి కూడా అప్పుడే తెలిసింది. లెక్కల సారును జూలైలోనే వేరే బడికి పంపారు, ఆయన చోటికి ఎవరూ రాలేదు. సైన్సు సారు సాయంత్రం బడి విడిచాక ఒక గంట చెబుతాడు. ఆ గంటకే అంబిక గొర్ల దగ్గరికి పోవాలి. తొమ్మిదో తరగతి చివరి పరీక్షలో ఇదే పిల్లకు అదే లెక్కల్లో నలభై మార్కులొచ్చాయి.

"తప్పు నాది అంబికా. నేను సరిగ్గ అడగలే" అన్నాను.

"అయితే కొట్టేయ్ మేడం" అంది. "కాయితం మీద రాసింది కాయితం మీదనే కొట్టేయొచ్చు గద."

నేను అక్కడినుంచి లేచేసరికి నాకు కోపం రావడం మొదలైంది. ముందు నా మీద వచ్చింది. ఆ తర్వాత వరసగా అందరి మీదికీ పాకింది.

శుక్రవారం వికారాబాద్ బండెక్కాను. క్లాసులో శ్యామల మేడమ్ బోర్డు మీద ఏదో రాస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"మేడం, పాఠం తర్వాత చెప్పుకుందాం. పద్దెనిమిదో ప్రశ్నకు అవునన్న పిల్లలు ఎవరెవరికి ఉన్నారో చేతులెత్తమనండి."

ఎనిమిది చేతులు లేచాయి. మర్పల్లి బడిలో పనిచేసే అశ్విని, "నాకు పదకొండు మంది. అందరికీ ఎరుపే వేసిన" అంది. నవాబుపేటలో చేసే నిరోషాకు తొమ్మిది మంది. ఎవరూ ఆగి అడగలేదు. అందరం తొమ్మిది రోజుల్లో పూర్తి చేసిన బుద్ధిమంతులమే.

"మనం ఎవరి బడుల్లో కూర్చున్నాం మేడం? పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చే ఇళ్ళ పిల్లలు, దర్గాలో చాదర్ కప్పే ఇళ్ళ పిల్లలు. వీళ్ళను పట్టుకుని ఈ ప్రశ్న అవును, కాదు అని అడిగితే సగం జిల్లాకు ఎరుపు వస్తుంది. వస్తే మనకేం, నివేదిక నిండుతుంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా?"

నా గొంతు పెద్దదైందని నాకు తెలుస్తూనే ఉంది. తగ్గించలేదు. హెడ్‌మాస్టరు లెటర్ సంగతి కూడా చెప్పాను.

శ్యామల మేడమ్ చాక్‌పీసు కింద పెట్టారు. "ఆ ప్రశ్న పెట్టింది నేనే సబా. ఆస్పత్రికి వచ్చే రోగులను చూసి చూసి, ఆ అలవాటులో పెట్టాను. తొమ్మిది రోజుల గడువుకు ఒప్పుకున్నదీ నేనే" అన్నారు. ఆమె ముఖం చిన్నబోయింది. "ఆ ఫారాలన్నీ వెనక్కి తెప్పిస్తాను. నా తప్పు నేను దిద్దుకుంటాను. కానీ నీ సర్టిఫికెట్టు ఆయన సంతకం మీద ఉంది. ఆ నియమం మార్చే అధికారం నాకు లేదు. కొంచెం ఆలోచించుకో."

"రెండు రోజులు ఆలోచించిన మేడం. అందుకే తల నొస్తున్నది" అన్నాను. అశ్విని నవ్వు ఆపుకుంది.

సోమవారం బీరన్న వచ్చాడు. భుజాన గొంగడి, కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. సేడం దిక్కు మందను తమ్ముడికి అప్పజెప్పి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడట. ఆఫీసు గదిలో కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, నిలబడకుండా అంచు మీద ఆనుకున్నాడు. అంబిక తండ్రి వెనక నిలబడింది. బల్ల మీద మూడు కాగితాలు: పేర్ల జాబితా, తండ్రి సంతకం పెట్టవలసిన ఒప్పుకోలు, నా లెటర్.

"చూడు బీరన్నా, నీ బిడ్డ మంచికే చెప్తున్నం" అని మొదలుపెట్టాడు వెంకటేశం సారు. మానసిక ఒత్తిడి అన్నాడు, ఓపెన్ స్కూలు అన్నాడు, వచ్చే ఏడు అన్నాడు. మంచి గొంతు ఆయనది, వింటే నిజమనిపిస్తుంది. చివర, "నేను కాదు, గీ మేడమే పరీక్ష చేసి రాసింది. మెంటల్ డాక్టర్ల దగ్గర ట్రైనింగ్ అయితున్నది ఆమె" అన్నాడు.

బీరన్న నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "మాకేం తెలుస్తది మేడం. మీరు సదువుకున్నోళ్ళు. మీరేమంటే గదే. ఏడ పెట్టమంటే ఆడ సంతకం పెడత."

ఆ చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి తన బిడ్డ బతుకును తెచ్చి నా చేతుల్లో పెడుతున్నాడు, అదీ నేను సదువుకున్నదాన్నని. నేను లెటర్ లాక్కుని దాని మీద అడ్డంగా 'ఇది నిజం కాదు' అని రాసి, కింద సంతకం పెట్టి, తారీఖు వేసి సారు ముందుకు జరిపాను.

"సంతకం పెట్టమన్నరు గద సార్. పెట్టిన."

తర్వాత సెప్టెంబరు ఫారం తీశాను. ఎరుపు మీద అప్పటికే గీత కొట్టి, పక్కన కారణం రాసి తెచ్చుకున్నాను. దాన్ని బీరన్నకు చదివి వినిపించాను. "అన్నా, నీ బిడ్డకు ఏ రోగం లేదు. తల్లిని యాది చేసుకుంటున్నది, అంతే. నేను అడిగే తీరుగ అడగలే, తొందరపడి తప్పు రాసిన. ఆ తప్పు పట్టుకొని బడి నుంచి పంపుతున్నరు. లెక్కలల్ల తక్కువొచ్చింది పిల్ల తలకాయ బాగలేక కాదు, లెక్కల సారు లేక."

వెంకటేశం సారు ముఖం ఎర్రబడింది. "సబా మేడం, మీ సర్టిఫికెట్టుకు నా సంతకం కావాలె. యాద్ మర్వకండ్రి."

"యాదున్నది సార్. మర్చిపోయి మాట్లాడుతలేను."

"మాట్లాడుడు అల్కనే, చేసుడే కష్టం!" ఆయన బల్ల మీద కొట్టాడు. "లెక్కల సారు కావాలని నేనెన్ని అర్జీలు పెట్టిన్నో మీకు ఎరుకనా? ఏడు! ఒక్కదానికి జవాబు లేదు. రేపు రిజల్ట్ తగ్గితే గా అర్జీలు ఎవడన్న చదువుతడా? నన్ను నిలబెట్టి అడుగుతరు. గీ పిల్ల ఫెయిలైతే ఎవరు జవాబ్దార్? మీరా? బీరన్ననా?"

నాకు జాలేసింది, కాదనను. ఆయనకు జరిగింది అన్యాయమే. కానీ పైవాళ్ళు తన నెత్తిన పెట్టిన బండను దించి పదిహేనేళ్ళ పిల్ల నెత్తిన పెట్టడం ఎక్కడి న్యాయం? ఆ మాటే అనబోయాను. నాకంటే ముందు వెనకనుంచి అంబిక మాట్లాడింది.

"నేనే సార్."

అందరం తిరిగి చూశాం.

"ఫెయిలైతే నేనే జవాబ్దార్. నా పేరు మీద నేను ఫెయిలైత. మీరెందుకు ముందుగాలనే నన్ను ఫెయిలు చేస్తున్నరు?" గొంతు పెద్దగా లేదు, కానీ ఆగలేదు. "నా బెంచీ మీద ఎవ్వలు కూసుంటలేరు, అయినా నేను ఏడుస్తలేను. ఎనిమిదొచ్చినయని నాక్గూడ తెలుసు. మార్చి దాంక నాలుగు నెలలున్నది. సదువుత. రాకుంటె రాదు. కని పరీక్ష నేను రాస్త. నా పేరు రాయండ్రి సార్."

బీరన్న ఒప్పుకోలు కాగితాన్ని రెండు వేళ్ళతో సారు వైపు నెట్టాడు.

"సారూ, బిడ్డ చెప్పింది గద. నేను సంతకం పెట్ట."

పది నిమిషాల కింద నా ముందు చేతులు జోడించిన మనిషే. ఈసారి కుర్చీలో వెనక్కి జరిగి నిండుగా కూర్చున్నాడు.

వెంకటేశం సారు జాబితా దగ్గరికి లాక్కున్నాడు. నలభై పేర్లు టైపు చేసి ఉన్నాయి. నలభై ఒకటో పేరు చేత్తో రాశాడు. రాసేటప్పుడు మా ఎవరి ముఖమూ చూడలేదు. అంబిక ముందుకు వంగి, తన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకుని, అప్పుడు బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున నేను పదో తరగతిలోకి వెళ్ళి, నలభై మంది ముందు, రెడ్డు అన్నది నేను చేసిన తప్పని చెప్పాను. కొందరు నవ్వారు. ఒక పిల్ల లేచి అంబిక బెంచీ మీదికి మారింది. ఆ వారం నుంచే సైన్సు సారు పొద్దున ఎనిమిదింటికి వచ్చి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున పెట్టమని చెప్పింది వెంకటేశం సారేనని తర్వాత తెలిసింది. మనుషులను ఒక్క రంగు వేసి వదిలేయకూడదని ఆయన విషయంలో కూడా నేర్చుకోవలసి వచ్చింది.

అట్లాగని నా కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు. ఏడాది చివర 'పని సంతృప్తికరంగా లేదు' అని స్పష్టంగా రాశాడు. శిక్షణ మళ్ళీ మొదటినుంచీ చేస్తున్నాను, ఈసారి వేరే బడిలో. కొత్త ఫారంలో పద్దెనిమిదో ప్రశ్న కింద అవును, కాదు లేవు. నాలుగు ఖాళీ గీతలున్నాయి, పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయడానికి. ఇంట్లో మా అబ్బా అడగడం మానేశాడు. మా నానీ మాత్రం గురువారం గురువారం నానాకు నా మీద ఫిర్యాదు చేస్తోంది.

మార్చిలో అంబిక పరీక్ష రాసింది. నేను సెంటరు గేటు దగ్గర నిలబడి చూశాను. హాల్ టికెట్ గుండెకు హత్తుకుని, నన్ను చూసి తలూపి, లోపలికి పోయింది.

ఈ సంగతి ఎక్కడ చెప్పినా జనం ఒకటే అడుగుతారు. "ఇంతకూ ఆ పిల్ల పాసైందా?" నేను చెప్పను. పాసైందంటే నేను చేసింది రైటంటారు. ఫెయిలైందంటే సారు ముందే చెప్పాడు కదా అంటారు. ఎటు చెప్పినా మళ్ళీ ఆ పిల్లను మార్కుల తక్కెడలో వేసి తూచినట్టే. ఆ ఫలితం నాది కాదు, సారుది కాదు, మీదీ కాదు. అంతగా కావాలంటే ఆ ఊరు పోయి అంబికనే అడగండి. తల ఎత్తి చెబుతుంది.